దూలంలో దాగిన వాలుదారి

పైన నాలుగంతస్తుల బరువు. కింద కార్లు తిరగడానికి ఖాళీ జాగా. మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క దూలం! అది ఎంత మోస్తుందో చెప్పడం చిటికెలో పని అనుకుంటాం. కానీ సివిల్ ఇంజనీర్లను వందేళ్లకు పైగా ముప్పుతిప్పలు పెడుతున్న లెక్క అది. ఆ లెక్క తప్పి సముద్రంలో ఓ కాంక్రీటు కట్టడం మునిగిపోయింది. రోడ్డు మీద వంతెన విరిగిపడింది. ఇంతకీ ఏముంది ఆ దూలంలో?

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి పెట్టి గబగబా లిఫ్టు దగ్గరికి వెళ్లిపోతాం. ఎప్పుడైనా ఒక్క నిమిషం ఆగి తలెత్తి చూస్తే కొన్ని భవనాల్లో ఓ విశేషం కనిపిస్తుంది. పై అంతస్తుల్లో గదికో మూల ఉండే పిల్లర్లన్నీ కిందిదాకా రావు. కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. నేరుగా దిగితే కార్లకు అడ్డమొస్తాయి కదా మరి! షోరూమ్‌కి విశాలమైన హాలు కావాలన్నా, ఫంక్షన్ హాలు మీద గదులు కట్టాలన్నా ఇదే పరిస్థితి. అలా మధ్యలో ఆగిపోయిన పిల్లర్‌ను ఓ భారీ దూలం తన వీపు మీద మోస్తూ, ఆ బరువును పక్కనున్న పిల్లర్లకు అప్పగిస్తుంది.

ఇలాంటి దూలాలు మామూలు బీముల్లా సన్నగా, పొడుగ్గా ఉండవు. పొడవుతో పోలిస్తే పైనుంచి కిందికి బాగా లోతుగా, దాదాపు గోడలా కనిపిస్తాయి. ఇంజనీర్లు వీటిని డీప్ బీమ్‌లు అంటారు. ఇవి మనింటి కిందే కాదు... వంతెన స్తంభాన్ని మోసే పైల్ క్యాపుల్లో, నీళ్ల ట్యాంకుల గోడల్లో, మెట్రో పిల్లర్ తల మీద రెండు చేతులు చాచినట్టుండే భాగంలో... ఎక్కడ పెద్ద బరువును దగ్గరదగ్గర ఆధారాల మీదికి మళ్లించాలో అక్కడల్లా ఇదే సూత్రం పనిచేస్తుంది.

అంత లావుగా ఉన్నది బలంగానే ఉంటుందిగా అనిపిస్తుంది. నిజమే, బలంగానే ఉంటుంది. కానీ ఎంత బలంగా అన్నదే ప్రశ్న!

వంగడం వేరు... తెగడం వేరు

రెండు ఇటుకల మీద ఓ సన్నని చెక్క పెట్టి మధ్యలో నొక్కితే అది కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుపోతుంది, కిందిభాగం సాగుతుంది. నొక్కుడుకు కాంక్రీటు మహా గట్టిది. సాగదీస్తే మాత్రం దాని బలం అందులో దాదాపు పదోవంతే. అందుకే దూలం అడుగున ఇనుప కడ్డీలు వేస్తారు. సాగే పని కడ్డీది, నొక్కుకునే పని కాంక్రీటుది. ఈ పద్ధతిలో దూలం ఎంత వంపును తట్టుకుంటుందో ఇంజనీర్లు చాలా కచ్చితంగా చెప్పగలరు. పైగా ఇందులో ఓ మంచి గుణముంది. సరిగ్గా డిజైన్ చేసిన దూలం వంగి పాడయ్యేటప్పుడు ముందే చెబుతుంది. కిందికి జారుతుంది, మధ్యలో పగుళ్లు విచ్చుకుంటాయి. ఇంట్లోవాళ్లు బయటపడటానికి సమయం దొరుకుతుంది.

రెండోది తెగడం. ఇంజనీర్ల భాషలో షియర్. పేకముక్కల కట్టను బల్ల మీద పెట్టి పైముక్కను పక్కకి తోస్తే కట్ట మొత్తం ఏటవాలుగా జరుగుతుంది చూడండి... ఆ జరుగుబాటే షియర్. ఇంకా బాగా తెలియాలంటే పాత సైకిల్ ట్యూబు ముక్క మీద పెన్నుతో ఓ చతురస్రం గీసి, ఓ అంచును పైకి, ఎదుటి అంచును కిందికి లాగండి. చతురస్రం కాస్తా తోసుకుపోయి ఏటవాలు గడి అవుతుంది. దాని ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీత సాగుతుంది, రెండో గీత కుంచించుకుపోతుంది. కాంక్రీటుకు సాగడం చేతకాదని చెప్పుకున్నాం కదా! అందుకే సాగే గీతకు అడ్డంగా చీలిపోతుంది. దూలం చివర, ఆధారానికి దగ్గర్లో కనిపించే ఏటవాలు పగులు పుట్టుక ఇదే.

దీంతో వచ్చిన చిక్కల్లా ఒకటే. తెగేటప్పుడు దూలం ముందస్తు నోటీసు ఇవ్వదు. ముఖ్యంగా నిలువు రింగులు లేని దూలమైతే ఏటవాలు పగులు కనిపించిన కాసేపటికే విరిగిపోవచ్చు. వంపును లెక్కగట్టినంత ధీమాగా తెగుడును లెక్కగట్టలేరు. తక్కువ తెలిసిన చోటే ఎక్కువ ప్రమాదం... అసలు ఇబ్బంది అదీ!

విల్లు, నారి

డీప్ బీమ్ సంగతికొస్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1997లో పూర్తయిన ఆర్చ్ రైల్వే వంతెనను గుర్తు తెచ్చుకోండి. వరసగా విల్లులు నిలబెట్టినట్టుంటుంది. పైన వంపు తిరిగిన కాంక్రీటు ఆర్చ్ నొక్కుడును మోస్తుంది. దాని రెండు కాళ్లూ బయటికి జారిపోకుండా కింద అడ్డంగా ఉన్న భాగం నారిలా బిగించి పట్టుకుంటుంది.

డీప్ బీమ్ లోపల సరిగ్గా ఇలాంటి విల్లే దాగి ఉంటుంది. పైకి చూస్తే నలుచదరపు కాంక్రీటు దిమ్మె. లోపల మాత్రం బరువు దగ్గరి దారి వెతుక్కుంటుంది. పిల్లర్ దిగిన చోటు నుంచి ఏటవాలుగా రెండు వైపులా ఆధారాల దాకా నేరుగా నడిచిపోతుంది. ఆ వాలుదారిలో ఉన్న కాంక్రీటు నొక్కుడును మోస్తుంది. ఇంజనీర్లు దాన్ని స్ట్రట్ అంటారు. అడుగున ఉన్న కడ్డీలు రెండు కాళ్లనూ కలిపి పట్టుకుంటాయి. అది టై.

మామూలు దూలంలో బరువు ఇలా నేరుగా వెళ్లలేదు. ఆధారం దూరంగా ఉంటుంది కాబట్టి అంచెలంచెలుగా చేరుతుంది. డీప్ బీమ్‌లో ఆధారం దగ్గరే కాబట్టి వాలుదారి దొరుకుతుంది. అందుకే మామూలు దూలాల సూత్రం చెప్పేదానికంటే ఇది చాలా ఎక్కువ బరువు మోస్తుంది. అయితే ఓ షరతు... ఆ దారిలో ఎక్కడా అడ్డు ఉండకూడదు. కింది నారి ఎక్కడా తెగకూడదు.

ఓ చిన్న లెక్క

నడిమధ్య 100 టన్నుల బరువు దిగిందనుకుందాం. రెండు వైపులకూ చెరో 50 టన్నులు. వాలుదారి 45 డిగ్రీల కోణంలో ఉంటే ఆ దారి వెంట నొక్కుడు సుమారు 71 టన్నులు, కింది కడ్డీల మీద లాగుడు 50 టన్నులు. ఇప్పుడు దూలం లోతు తగ్గించి, దారి వాలును 30 డిగ్రీలకు దించండి. నొక్కుడు 100 టన్నులకు చేరుతుంది. లాగుడు దాదాపు 87 టన్నులవుతుంది! పైన బరువు ఒక్క కిలో కూడా పెరగలేదు. లోతు తగ్గిందంతే.

నిచ్చెనను గోడకు నిలువుగా ఆనిస్తే కాళ్లు కదలవు, బాగా వాల్చి ఆనిస్తే కింద కాళ్లు జారతాయి కదా... అలాంటిదే ఇదీ. హైస్కూలు త్రికోణమితితో తేలిపోయే లెక్కే. మరి వందేళ్ల చిక్కు ఎక్కడుంది?

చిక్కంతా ఆ వాలుదారి ఎంత బలమైనదో చెప్పడంలో ఉంది. కాంక్రీటు ముద్దను ప్రయోగశాలలో నొక్కి చూస్తే దాని బలం తెలుస్తుంది. కానీ దూలంలోని వాలుదారి ఆ ముద్దలా ఒంటరిగా ఉండదు. అది మధ్యలో సీసా పొట్టలా ఉబ్బుతుంది. ఉబ్బినచోట అడ్డంగా సాగి నిలువునా చీలుతుంది. చీలిన కాంక్రీటు బలం తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది? అది కాంక్రీటు నాణ్యత మీద, కంకర మీద, అడ్డంగానూ నిలువుగానూ వేసిన సన్న కడ్డీల మీద, బరువుకీ ఆధారానికీ మధ్య దూరం మీద, చివరికి దూలం సైజు మీద కూడా ఆధారపడుతుంది. ఇన్నింటిని ఒకే సూత్రంలో బిగించడం మాటలు కాదు.

సన్న కడ్డీల పాత్ర ఎంతో అమెరికా కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 2019 కోడ్ చూస్తే అర్థమవుతుంది. తగినంత అల్లిక కడ్డీలుంటే వాలుదారి బలాన్ని లెక్కించేటప్పుడు 0.75 అనే గుణకం వాడతారు. అవి లేకపోతే సాధారణంగా 0.4 మాత్రమే. అంటే దాదాపు సగానికి సగం కోత! ఆ కోడ్ ప్రకారం డీప్ బీమ్‌లో అడ్డంగానూ నిలువుగానూ కనీసం ఉండాల్సిన అల్లిక కాంక్రీటు వైశాల్యంలో పావు శాతమే. పావు శాతం ఇనుముకు ఇంత విలువ.

పొడుపుకథ మొదలైందిలా...

కాంక్రీటు దూలం లోపల బరువు ఎలా నడుస్తుందో తొలిసారి బొమ్మ గీసి చూపిన వారిలో స్విట్జర్లాండ్‌కు చెందిన విల్హెల్మ్ రిట్టర్ ముఖ్యుడు. 1899లో ఆయన దూలాన్ని రైలు వంతెనల్లో కనిపించే ఇనుప ట్రస్సులా ఊహించాడు. వాలు కర్రల పని కాంక్రీటుది, నిలువు కర్రల పని ఇనుప రింగులది. ఆ వెంటనే జర్మనీ ఇంజనీరు ఎమిల్ మోర్ష్ ఆ ఊహను పెంచి పెద్దచేశాడు. ఆ బొమ్మే ఇప్పటికీ కాలేజీ పాఠాలకు పునాది.

అంత మంచి బొమ్మ చేతిలో ఉన్నా, తర్వాతి దశాబ్దాల్లో కొన్ని దేశాలు సులువు దారి పట్టాయి. కాంక్రీటు తనంతట తానే కొంత షియర్ మోస్తుందని ఓ అంకె అనుకుని, అంతకు మించితేనే రింగులు వేయడం మొదలుపెట్టాయి. ఆ అంకె మీద నమ్మకం 1955 ఆగస్టులో కూలిపోయింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని షెల్బీ దగ్గర వైమానిక దళం గోదాం పైకప్పులో సుమారు 4 వేల చదరపు అడుగుల మేర ఉన్నట్టుండి నేలకు దిగింది. అక్కడి దూలాలు మూడడుగుల లోతున్నవి. విరిగిన చోట రింగులు లేవు. పోనీ పైన మోయలేని బరువేమైనా పడిందా అంటే అదీ లేదు. కోడ్ క్షేమమని చెప్పిన స్థాయికంటే తక్కువ షియర్ దగ్గరే అవి తెగిపోయాయి!

దాంతో పరిశోధనలు ఊపందుకున్నాయి. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో గాస్పర్ కాని అనే ఆచార్యుడు వరసపెట్టి దూలాలను విరగ్గొట్టాడు. 1964లో ప్రచురించిన వ్యాసానికి ఆయన పెట్టిన పేరులోనే షియర్‌ను ‘పొడుపుకథ’ అన్నాడు. ఆయన తేల్చిన విషయం భలే ఆసక్తికరమైనది. బరువుకీ ఆధారానికీ మధ్య దూరం దూలం లోతుకు సుమారు రెండున్నర రెట్లున్నప్పుడు దూలం అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. దూరం అంతకంటే తగ్గేకొద్దీ వాలుదారి దొరికి బలం గబగబా పెరుగుతుంది. గ్రాఫు గీస్తే లోయలా కనిపిస్తుంది. అందుకే అది ‘కాని లోయ’గా పేరుపడింది. డీప్ బీమ్‌లు ఉండేది ఆ లోయకు ఇవతలి గట్టు మీద.

లోయ బొమ్మ దొరికింది కానీ, లోపలి దారులను డిజైన్‌కు పనికొచ్చేలా గీయడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు చెందిన యోర్గ్ ష్లైక్, కుర్ట్ షేఫర్, మాటియాస్ జెన్నెవైన్ 1987లో ఓ పద్ధతి ప్రతిపాదించారు. కట్టడంలో బరువు సాఫీగా నడిచే చోట్లు వేరు, దారి మళ్లే చోట్లు వేరు... దారి మళ్లేచోట పాత సూత్రాలు పక్కనపెట్టి స్ట్రట్, టై బొమ్మ గీసి లెక్క చూడమన్నారు. టొరంటోలో ఫ్రాంక్ వెక్కియో, మైకేల్ కాలిన్స్ 1986లోనే పగిలిన కాంక్రీటు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. అమెరికా కోడ్‌లోకి స్ట్రట్, టై పద్ధతి 2002లో అడుగుపెట్టింది.

సముద్రంలో మునిగిన అంచనా

ఇదంతా ప్రొఫెసర్ల గొడవేలే అనుకుంటే పొరపాటే. నార్వేలో స్టవాంగర్ దగ్గర గాండ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలో 1991 ఆగస్టు 23న జరిగింది చూడండి. స్లీప్‌నర్ ఎ అనే చమురు ప్లాట్‌ఫామ్‌కు కాంక్రీటుతో భారీ పునాది కట్టారు. 24 గుండ్రని గదులను పక్కపక్కన అతికించినట్టుంటుంది. ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతు నీటిలో నిలబడాల్సిన కట్టడమది. పైకప్పు లాంటి డెక్ బిగించడానికి ముందు దాన్ని నీళ్లలోకి దించుతుంటే లోపలి గోడ ఒకటి ఉన్నట్టుండి విరిగింది. నీరు దూసుకొచ్చింది. కట్టడం మొత్తం మునిగి అడుగున పడి ముక్కలైంది. ఆ తాకిడికి 3.0 తీవ్రతతో భూమి కంపించినట్టు నమోదైంది. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు!

విచారణలో తేలింది ఏమిటంటే... కంప్యూటర్ విశ్లేషణలో ఆ గోడ మీద పడే షియర్‌ను 47 శాతం తక్కువగా చూపించింది. గదులు కలిసే చోట ఏర్పడిన పొట్టి, మందపాటి గోడను కంప్యూటర్ కోసం ముక్కలుగా విభజించిన తీరు సరిగ్గా లేదు. దానికి తోడు అక్కడ వేసిన కడ్డీల పొడవు చాల్లేదు. టొరంటో పరిశోధకులు తర్వాత ఈ గోడను విశ్లేషించి మరో మాట చెప్పారు. బరువు ఏ దారిలో నడుస్తుందో బొమ్మ గీసుకుని చేత్తో లెక్క చూసి ఉంటే, కడ్డీ పొట్టిగా ఉన్న సంగతి బయటపడేదని! యంత్రం ఇచ్చిన అంకెను గుడ్డిగా నమ్మకూడదని ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇప్పటికీ చెప్పే పాఠం ఇదే.

కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలోని లావల్ పట్టణంలో డబ్బు నష్టంతో పోలేదు. 2006 సెప్టెంబరు 30న మధ్యాహ్నం కాంకార్డ్ ఓవర్‌పాస్ కూలింది. అయిదుగురు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. 1970లో కట్టిన ఆ వంతెన అంచు భాగం మందపాటి స్లాబు. అందులో షియర్‌ను ఆపే రింగులు లేవు. అప్పటి కోడ్ ప్రకారం వెయ్యనక్కర్లేదు కూడా. విచారణ కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక ఒక్క కారణం చెప్పి ఊరుకోలేదు. కడ్డీల డిజైన్ సరిగ్గా లేకపోవడం, వాటిని వేయాల్సిన చోట వేయకపోవడం, కాంక్రీటు నాణ్యత తక్కువగా ఉండటం... ఇవన్నీ కలిసి ప్రాణం తీశాయంది. కూలడానికి గంట ముందు ఓ పెచ్చు ఊడి రోడ్డు మీద పడింది. దాన్ని చూసి వెళ్లారు కూడా. కానీ వంతెన మీద రాకపోకలు ఆగలేదు.

సైజు పెరిగితే బలం తగ్గుతుందా?

ఇంకో విచిత్రం కూడా ఉంది. అడుగు లోతు దూలం ఎంత మోస్తుందో చూశాం కాబట్టి అదే కొలతల్లో అన్నీ పదిరెట్లు పెంచితే బలం కూడా ఆ లెక్కనే పెరగాలి కదా! పెరగదు. టొరంటోలో కాని ఆచార్యుడే దూలాల లోతును 6 అంగుళాల నుంచి 48 అంగుళాల దాకా పెంచుతూ పోయాడు. లోతు పెరిగేకొద్దీ చదరపు అంగుళానికి వచ్చే బలం తగ్గింది. మన పెద్ద దూలాలు అసలెంత క్షేమం అని 1967లో ఆయన ఏకంగా ఓ వ్యాసమే రాశాడు.

కారణం పగులులో ఉంది. పగులు సన్నగా ఉన్నంతసేపు రెండు వైపులా పైకి లేచిన కంకర రాళ్లు పళ్లచక్రాల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. దూలం పెద్దదైతే పగులూ వెడల్పవుతుంది. కంకర రాయి సైజు మాత్రం అంతే! పట్టు జారుతుంది.

టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని తేల్చేందుకు ఏకంగా 4 మీటర్ల లోతున్న దూలాన్ని పోతపోశారు. అంటే ఇంచుమించు ఒకటిన్నర అంతస్తు ఎత్తు! విరగ్గొట్టే ముందు అది ఎంత బరువుకు విరుగుతుందో చెప్పమని ప్రపంచవ్యాప్తంగా ఇంజనీర్లకు సవాలు విసిరారు. 2015లో వెలువడిన ఫలితాల్లో అంచనాలు ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్నాయి. రింగులు లేని వైపు ముందుగా తెగింది. బరువు ఆధారానికి దగ్గరగా ఉండి, కొద్దిపాటి రింగులు కూడా వేసిన రెండోవైపు చాలా ఎక్కువ మోసింది. నాలుగేళ్ల తర్వాత, 2019లో అమెరికా కోడ్ షియర్ సూత్రంలోకి సైజు ప్రభావాన్ని తెచ్చి పెట్టింది.

మన కోడ్ ఏమంటోంది?

మన దేశంలో కాంక్రీటు నిర్మాణాలకు దశాబ్దాలుగా ఇంజనీర్ల చేతిలో నలిగిన పుస్తకం 2000 నాటి ఐఎస్ 456. అందులో 29వ క్లాజు డీప్ బీమ్‌లది. ఆధారాల మధ్య పొడవు లోతుకు రెండు రెట్లకంటే తక్కువైతే డీప్ బీమ్ అన్నట్టు. వరసగా ఎన్నో పిల్లర్ల మీదుగా సాగే దూలమైతే రెండున్నర రెట్లు. అమెరికా కోడ్‌లో ఈ హద్దు నాలుగు రెట్లు. అంటే 6 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల లోతున్న దూలం మన లెక్కలో మామూలు దూలం, అమెరికా లెక్కలో డీప్ బీమ్!

మరో తేడా కూడా ఉంది. ఐఎస్ 456 డీప్ బీమ్ షియర్‌కు ప్రత్యేకంగా సూత్రమేదీ ఇవ్వదు. వంపుకు సరిపడా కడ్డీలు వేసి, వాటిని చెప్పినట్టు అమరిస్తే షియర్ నిబంధన కూడా పాటించినట్టేనంటుంది. ఆ అమరికలోనే అసలు కిటుకంతా దాగి ఉంది. అడుగు కడ్డీలను మధ్యలో ఎక్కడా ఆపకుండా ఈ ఆధారం నుంచి ఆ ఆధారం దాకా పూర్తిగా వేయాలి. ఆధారం దాటాక కూడా లోపలికి తగినంత దూరం పట్టు దొరకాలి. మామూలు దూలంలో చివర్లకొచ్చేసరికి కొన్ని కడ్డీలు ఆపేయడం మేస్త్రీలకు అలవాటే. డీప్ బీమ్‌లో ఆ పని చేస్తే విల్లు నారిని చివర కోసినట్టే!

కంప్యూటర్ చెప్పేస్తుందా?

సూత్రాలతో తెగని లెక్కను యంత్రాలకు అప్పగించే ప్రయత్నం 1990ల్లోనే మొదలైంది. ప్రయోగశాలల్లో విరగ్గొట్టిన వందల దూలాల వివరాలు... వెడల్పు, లోతు, కాంక్రీటు బలం, కడ్డీల శాతం, విరిగినప్పటి బరువు... అన్నీ కంప్యూటర్‌కు నేర్పుతారు. కొత్త దూలం కొలతలిస్తే అది ఎంత మోస్తుందో చెబుతుంది. ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ పుణ్యమా అని ఇలాంటి పరిశోధనలు ఇబ్బడిముబ్బడిగా వస్తున్నాయి. తనకు తెలిసిన సైజుల్లో కంప్యూటర్ అంచనాలు పాత సూత్రాలకంటే దగ్గరగానే ఉంటున్నాయి.

కానీ ఓ మెలిక ఉంది. ప్రయోగశాలలో విరగ్గొట్టిన దూలాల్లో ఎక్కువ భాగం మీటరు లోతు కూడా లేనివి. పెద్ద భవనాల్లో, వంతెనల్లో ఉండేవి అంతకంటే ఎంతో పెద్దవి. చిన్నవాటిని చూసి నేర్చుకున్న యంత్రం పెద్దదాని గురించి చెప్పే జోస్యాన్ని ఎంతవరకు నమ్మాలి? సైజు పెరిగితే ఏమవుతుందో పైన చూశాం కదా. అందుకే యంత్రం చెప్పిన అంకె పక్కన, చేత్తో గీసిన విల్లూ నారీ బొమ్మ కూడా ఉండాల్సిందే.

మన ఇంటి సంగతేంటి?

మధ్యలో ఆగిపోయి దూలం మీద నిలబడే పిల్లర్‌ను ఫ్లోటింగ్ కాలమ్ అంటారు. 2001 జనవరి 26న గుజరాత్‌ను కుదిపేసిన భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లోనూ అపార్ట్‌మెంట్లు కూలాయి. కింద ఖాళీ పార్కింగ్, పైన ఇలా గాల్లో తేలే పిల్లర్లు ఉండటం అక్కడ బయటపడ్డ లోపాల్లో ముఖ్యమైనవి. భూకంపాన్ని తట్టుకునే ప్రధాన అస్థిపంజరంలో ఇలాంటి పిల్లర్లు ఉండనే కూడదని ఐఎస్ 1893 కోడ్ 2016లో స్పష్టం చేసింది.

అలాగని లోతైన దూలం కనిపించగానే కంగారు పడాల్సిన పనిలేదు. అర్హతగల ఇంజనీరు దారి గీసి, మేస్త్రీ ఆ బొమ్మ ప్రకారమే కడ్డీలు కట్టి, కాంక్రీటు గుల్లలు లేకుండా దిగితే అది తరతరాలు మోస్తుంది. సమస్యల్లా తర్వాత మనం చేసే పనులతోనే! డ్రైనేజీ గొట్టం కోసమో, ఏసీ పైపు కోసమో దూలం చివర, పిల్లర్‌కు దగ్గర్లో చేయి పట్టేంత కన్నం కొట్టేస్తారు. చూడ్డానికి చిన్న కన్నమే. కానీ సరిగ్గా వాలుదారి మధ్యలో గొయ్యి తవ్వినట్టు! మధ్యలో కొట్టినా క్షేమమని కాదు, అక్కడ అడుగున నారి ఉంటుంది. ఆ కడ్డీని కోస్తే కాళ్లు రెండూ విడిపోతాయి.

దూలం ఎంత మోస్తుందన్న లెక్కలో ఇంజనీర్ల మధ్య ఇప్పటికీ తేడాలున్నాయి. బరువు ఏ దారిలో దిగుతుందన్న విషయంలో మాత్రం లేవు. ఆ దారిని చెడగొట్టకుండా చూసుకోవడం ఇంట్లో ఉండేవారి చేతిలో పని.

ఇవి గుర్తుంచుకోండి

* ఫ్లాటు కొనేముందు స్ట్రక్చరల్ డ్రాయింగులు అడగండి. పై పిల్లర్లన్నీ నేల దాకా దిగాయా, ఏదైనా దూలం మీద ఆగిందా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించుకోండి.

* దూలం మధ్యలో అడుగున కనిపించే వెంట్రుకవాసి నిలువు గీత, చివర్లో కనిపించే ఏటవాలు పగులు ఒకటి కావు. రెండోది కనిపిస్తే సిమెంటు పూసి మూసేయకండి. వెంటనే ఇంజనీరును పిలవండి. ఆయన చూసేదాకా దాని కింద వాహనాలూ మనుషులూ ఉండకుండా జాగ్రత్తపడండి.

* గొట్టాలకు దారి కావాలంటే దూలం కింద నుంచో, పక్కనుంచో తిప్పండి. కన్నం తప్పదనుకుంటే డిజైన్ చేసిన ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే కొట్టించండి.

* తుప్పు మరకలు, పెచ్చులూడటం, నీళ్ల చెమ్మ... లోపలి కడ్డీ చెడుతోందనడానికి గుర్తులు. నారి సన్నబడితే విల్లు నిలవదు.

* పార్కింగ్ మీద మరో అంతస్తు, టెర్రస్ మీద అదనపు ట్యాంకు, మొక్కల కోసం మట్టి... ఏ బరువు పెంచినా చివరికి మోయాల్సింది కింది దూలమే. పెంచేముందే లెక్క చూపించుకోండి.